పడిపోయే సర్వరుతో కాపురం

మే నెల, శుక్రవారం, రాత్రి 7.30. మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. గోదావరి పక్కన చిన్న ఊళ్ళో ఉంటుందావిడ. ఆవకాయ, మాగాయ, గోంగూర పెట్టి సొంత వెబ్‌సైట్లో అమ్ముతుంది. ఏడాది మొత్తమ్మీద వచ్చే ఆర్డర్లలో సగం కొత్తావకాయ రోజుల్లోనే వస్తాయి. మనకి చీకటి పడేవేళకి అమెరికాలో తెల్లారుతుంది. అక్కడి పిల్లలు కాఫీ తాగుతూ ఆర్డర్లు పెట్టే సమయం అదే.

"తమ్ముడూ, సైటు మళ్ళీ పోయిందిరా."

"హోస్టింగ్ వాళ్ళని అడిగావా అక్కా?"

"అరగంట నుంచి చాట్‌లోనే ఉన్నాను. బ్రౌజర్‌లో క్యాష్ క్లియర్ చేసి చూడమంటున్నాడు. ఇప్పటికి నాలుగుసార్లు క్లియర్ చేశాను. ఇంకా ఏం మిగిలిందని చేయనురా?"

"మళ్ళీ" అన్న మాట గమనించారా? సంక్రాంతికి ఒకసారి పడిపోయింది. శివరాత్రికి ఒకసారి. ఉగాదికి రెండు రోజుల ముందు ఇంకోసారి. పడిన ప్రతిసారీ గంటకో రెండు గంటలకో లేచింది. లేచిన ప్రతిసారీ ఆవిడ హమ్మయ్య అనుకుని జాడీల దగ్గరికి వెళ్ళిపోయింది.

మీరూ అంతేనా? మీది పచ్చళ్ళ వ్యాపారం కాకపోవచ్చు. కోచింగ్ సెంటరు కావచ్చు, డెంటల్ క్లినిక్కు కావచ్చు, పరాయి దేశంలో తెలుగు సంఘం వాళ్ళ ఉగాది టికెట్ల పేజీ కావచ్చు. సైటు పడినప్పుడు మన నోట వచ్చే మాటలు మాత్రం ఒకటే. "మూడేళ్ళకి ఒకేసారి కట్టేశాం కదా." "అవన్నీ సైటు చేసిన అబ్బాయి చూసుకుంటాడు." "ఇప్పుడు కదిలిస్తే ఉన్నది కూడా పోతుందేమో." ఈ మూడూ నేనూ అన్నవే. నా సైటుని ఇలాంటి చోటే రెండేళ్ళు ఉంచాను. ఆ హోస్టింగ్ వాళ్ళ పేరు అడక్కండి, ఇప్పుడు దానితో పని లేదు. వాళ్ళలాంటి వాళ్ళు మీకూ ఎవరో ఒకరు తగిలే ఉంటారు.

సర్వరంటే అద్దె ఇల్లు. నీళ్ళు రాకపోతే, కరెంటు నిలవకపోతే, ఓనరు ఫోనెత్తకపోతే వేరే ఇల్లు చూసుకుంటాం. అందులో కంగారేముంది? కానీ మన పొలం కాగితాలు, బంగారం, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఆ ఓనరు బీరువాలోనే దాచి, తాళం కూడా ఆయన చేతికే ఇచ్చామనుకోండి. అప్పుడు కప్పు కారుతున్నా కదల్లేం. చెడ్డ హోస్టింగ్ తగలడం ఎవరికైనా జరిగేదే, దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. బీరువా తాళం మాత్రం వెనక్కి తీసుకోండి. కింద చెప్పేవన్నీ దాని గురించే.

1. ముందు తప్పు ఎవరిదో తేల్చుకోండి

ఇది చెప్పడానికి నాకు కాస్త సిగ్గుగానే ఉంది. ఒకసారి సపోర్టు అబ్బాయి మీద ఇరవై నిమిషాలు అరిచాను. మీ సర్వరు దండగన్నాను, డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. అతను ఓపిగ్గా విని, "సార్, పది నిమిషాల కింద మీరు ఒక ప్లగిన్ అప్‌డేట్ చేశారు, అది ఆపి చూడండి" అన్నాడు. ఆపాను. సైటు లేచి కూర్చుంది. ఆ తర్వాత నిజంగా వాళ్ళ తప్పున్నప్పుడు కూడా ఆ గొంతు పెంచలేకపోయాను.

అందుకని సైటు తెరుచుకోకపోతే మొదటి ఐదు నిమిషాలు ఎవర్నీ ఏమీ అనకండి. ఇంట్లో వైఫై ఆపి ఫోన్‌లో మొబైల్ డేటాతో తెరవండి. వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఫోన్ చేసి తెరవమనండి. వాళ్ళకి తెరుచుకుంటే గొడవ మీ నెట్‌దే. వాళ్ళకీ తెరుచుకోకపోతే, తెర మీద ఏం రాసి ఉందో అక్షరం అక్షరం చదవండి. చాలామంది "ఏదో ఎర్రర్ వస్తోంది" అంటారు. డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఏదో నొప్పి" అంటే ఆయన ఎక్కడని చూస్తాడు?

డేటాబేస్ కనెక్షన్ కుదరలేదని వస్తే, మీ సమాచారం దాచిన డేటాబేస్ సర్వరు పడిపోయిందనో, దానికి ఊపిరాడ్డం లేదనో, ఎవరో పాస్‌వర్డ్ మార్చారనో అర్థం. వర్డ్‌ప్రెస్ సైట్లలో తరచు కనిపించేది ఇదే. 503 అని వస్తే సర్వరు ఉక్కిరిబిక్కిరి అవుతోంది, లేదా మరమ్మతులో ఉంది. 508 వచ్చి రిసోర్స్ లిమిట్ అంటే, మీ ప్లాన్‌లో ఇచ్చిన వాటా అయిపోయింది. "అన్‌లిమిటెడ్" అని కొన్న ప్లాన్‌లో ఈ లిమిట్ ఎక్కడిది అంటారా? కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 500 వస్తే ముందు మీ ఇల్లే వెతుక్కోండి. కొత్త ప్లగిన్, కొత్త కోడు, ఎవరో ముట్టుకున్న సెట్టింగు, ఇలాంటిదేదో కావచ్చు. "ఈ సైటు సురక్షితం కాదు" అని ఎర్రగా హెచ్చరిక వస్తే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ గడువు తీరిందేమో చూడండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళ ఉచిత సర్టిఫికెట్లు 90 రోజులకే అయిపోతాయి. వాటంతటవే రెన్యూ కావాలి, ఒక్కోసారి కావు. అసలు అలాంటి అడ్రసే లేదని వస్తే డొమైన్ గడువు చూడండి.

2. చిట్టా రాయండి

"ఎప్పుడు చూసినా డౌనే" అనే మాటకి విలువ లేదు. "ఏప్రిల్ 9న సాయంత్రం 6.50 నుంచి 8.15 దాకా" అనే మాటకి ఉంది.

సైటు బతికే ఉందో లేదో 5 నిమిషాలకోసారి చూసి, పడిపోతే మెయిలో మెసేజో పంపే సేవలున్నాయి. చిన్న సైటుకి ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. ఒకటి పెట్టుకోండి. పక్కన మామూలు నోటుబుక్కు ఒకటి ఉంచుకోండి. తేదీ, ఎప్పుడు పడింది, ఎప్పుడు లేచింది, ఏ ఎర్రర్ వచ్చింది, సపోర్టు వాళ్ళకి పెట్టిన ఫిర్యాదు (టికెట్) నంబరు, వాళ్ళు చెప్పిన కారణం రాయండి. పాలవాడి లెక్క రాసినట్టు రాస్తే చాలు.

రెండు నెలలు రాశాక కూడండి. ఇప్పుడు వాళ్ళు అమ్మేటప్పుడు ఇచ్చిన మాట తీయండి. "99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ" అని ఉంటుంది. వినడానికి నూటికి నూరు లాగే ఉంటుంది కదా? 30 రోజుల నెలలో 43,200 నిమిషాలుంటాయి. 99.9 శాతం అంటే అందులో 43 నిమిషాలు పడిపోయినా మాట తప్పనట్టే. 99 శాతం అంటే 7 గంటల 12 నిమిషాలు. ఆ 9 పక్కన చుక్క ఎక్కడుందో చూడకుండా సంతకం పెట్టేవాళ్ళం మనమే.

మాట తప్పితే ఏమిస్తారు? ఎక్కువచోట్ల డబ్బు ఇవ్వరు, వచ్చే బిల్లులో కొంత తగ్గిస్తారు. అదీ మీరు అడిగితేనే, ఫలానా రోజుల్లోపు అడిగితేనే. ముందే చెప్పి చేసిన మరమ్మతులు లెక్కలోకి రావు. నెలకి 200 రూపాయల ప్లాన్‌లో 5 శాతం తగ్గించారనుకోండి, మీకొచ్చేది 10 రూపాయలు. ఆ రాత్రి మా అక్క పోగొట్టుకున్న ఆర్డర్ల ముందు ఆ 10 రూపాయలు దేనికి సరిపోతాయి? గ్యారంటీ అనే మాట మీ నష్టానికి బీమా అనుకోవడం అందరూ చేసే పొరపాటు. అయినా అడగండి. డబ్బు కోసం కాదు. మాట తప్పామని వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుంది. ఆ కాగితం తర్వాత పనికొస్తుంది.

3. టికెట్ రాయడం నేర్చుకోండి

మా అక్క మొదట రాసిన టికెట్ ఇది: "మీ సర్వీసు చాలా వరస్టు. ఎప్పుడు చూసినా డౌనే. వెంటనే సరిచేయకపోతే కంప్లైంట్ ఇస్తా!!!"

కోపం న్యాయమైనదే. కానీ రాత్రి షిఫ్టులో కూర్చున్న అబ్బాయికి ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. అందుకే అతను తన ముందున్న జాబితాలో మొదటి జవాబు అతికించాడు. అదే క్యాష్ క్లియర్.

ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం: "మా సైటు ఈ రోజు సాయంత్రం 6.50 నుంచి తెరుచుకోవడం లేదు. డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్ వస్తోంది. రెండు వేర్వేరు నెట్‌వర్కుల్లో చూశాం, ఒకటే ఎర్రర్. మూడు రోజులుగా సైటులో ఏ మార్పూ చేయలేదు. స్క్రీన్‌షాట్ జత చేశాం. ఇదే సమస్య మీద ఇంతకుముందు పెట్టిన టికెట్ నంబర్లు కింద ఉన్నాయి. దయచేసి మూడు విషయాలు చెప్పండి: డేటాబేస్ సర్వరు నడుస్తోందా? మా అకౌంటు ఏదైనా పరిమితి దాటిందా? ఎన్ని గంటలకి సరవుతుంది?"

తేడా చూశారా? దీనికి క్యాష్ క్లియర్ చేయమని జవాబివ్వడం ఎవరి వల్లా కాదు. టికెట్ పైవాళ్ళకి వెళ్ళి తీరాలి. వెళ్ళింది కూడా. మీకు వచ్చిన ఇంగ్లీషులోనే రాయండి, వ్యాకరణం గురించి బెంగ వద్దు.

మరికొన్ని జాగ్రత్తలు. పది నిమిషాలకోసారి కొత్త టికెట్ తెరవకండి. నలుగురు నాలుగు టికెట్లు చూస్తూ ఎవరూ సరిచేయరు. ఫోన్‌లో ఏదైనా హామీ ఇస్తే, ఫోన్ పెట్టేశాక అదే టికెట్‌లో "ఇప్పుడు మీరు ఫోన్‌లో ఇలా చెప్పారు" అని రాయండి. సైటు లేవగానే వాళ్ళు "రిజాల్వ్‌డ్" అని టికెట్ మూసేస్తారు. కారణం ఏమిటో రాయకుండా మూస్తే తిరిగి తెరిపించండి. "సర్వర్ రీస్టార్ట్ చేశాం" అనేది కారణం కాదు, వాళ్ళు చేసిన పని. ఎందుకు చేయాల్సి వచ్చింది? అది అడగండి. మూడుసార్లు అడిగినా కారణం చెప్పని చోట, కారణం వాళ్ళకీ తెలియదనుకోవచ్చు. నా లెక్కలో సామాను సర్దుకోవడం మొదలెట్టాల్సింది అప్పుడే.

4. బ్యాకప్ మీ ఇంట్లో ఉండాలి

"బ్యాకప్ హోస్టింగ్ వాళ్ళే తీస్తారండీ, ప్లాన్‌లో ఉంది." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్ గుర్తొస్తుంది. 2021 మార్చి 10న, అర్ధరాత్రి దాటాక, అక్కడ ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ సంస్థ డేటా సెంటర్లో మంటలు లేచాయి. ఒక భవనం పూర్తిగా కాలిపోయింది, పక్కదానిలో కొంత భాగం పోయింది. ఎవరికీ గాయాలు కాలేదు. కానీ లక్షలాది సైట్లు ఆగిపోయాయి. వాటిలో కొన్నింటి సమాచారం మరి దొరకనే లేదు. బ్యాకప్‌కి విడిగా డబ్బు కట్టిన కస్టమర్లలో కొందరికి తమ బ్యాకప్ కూడా కాలిపోయిన చోటే ఉందని ఆ తర్వాతే తెలిసింది. అలాంటి ఒకరు కోర్టుకి వెళితే 2023లో లీల్ నగరంలోని వాణిజ్య కోర్టు ఆ కస్టమరుకి అనుకూలంగా తీర్పిచ్చింది. తీర్పు వచ్చింది సరే, కాలిపోయిన ఫైళ్ళు రావు కదా.

సరే, బ్యాకప్ వేరే చోటే ఉంది. అది పనిచేస్తుందని మీకెలా తెలుసు? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో అలసిపోయిన ఇంజనీరొకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. కంగారు పడాల్సింది లేదు, బ్యాకప్‌లున్నాయి అనుకున్నారు. తీరా చూస్తే బ్యాకప్ ఉండాల్సిన చోటు ఖాళీ. అది రోజూ విఫలమవుతోంది, విఫలమైందని చెప్పే మెయిళ్ళూ చేరడం లేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఎవరో తీసిన ఒక నకలు ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల పని మాత్రం పోయింది. వాళ్ళ గొప్పతనమేమిటంటే ఇదంతా దాచలేదు, సరిచేసే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. ఇంజనీర్లతో నిండిన కంపెనీకే అలా జరిగితే, మీ "ప్లాన్‌లో ఉంది" ఎంత గట్టిదో ఆలోచించండి.

చేయాల్సింది కష్టమైంది కాదు. వర్డ్‌ప్రెస్ లాంటి సైటు రెండు ముక్కలుగా ఉంటుంది: ఫైళ్ళు, డేటాబేస్. ఫైళ్ళలో బొమ్మలు, డిజైను ఉంటాయి. ఆర్డర్లు, కస్టమర్ల వివరాలు, రాసిన వ్యాసాలు డేటాబేస్‌లో ఉంటాయి. చాలామంది ఫైళ్ళు దించుకుని పని అయిపోయిందనుకుంటారు. అది వంట పాత్రలు సర్దుకుని బియ్యం వదిలేసి రావడం. రెండూ దించండి. ఆర్డర్లు వచ్చే సైటైతే డేటాబేస్ రోజూ దించాలి. నెలకి నాలుగు వ్యాసాలు రాసే సైటైతే వారానికోసారి చాలు. ఒక నకలు మీ కంప్యూటర్లో, ఇంకొకటి హోస్టింగ్ వాళ్ళతో సంబంధం లేని మరో చోట ఉంచండి. మూడు నెలలకోసారి ఆ నకలుతో సైటుని ఒక ఉత్తుత్తి చోట నిలబెట్టి చూడండి. నిలబడకపోతే మీ దగ్గరున్నది బ్యాకప్ కాదు, బరువు.

5. డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

ఈ ఒక్క ప్రశ్నకి మా అక్క దగ్గర జవాబు లేదు. సైటు చేసిచ్చిన అబ్బాయి తన అకౌంట్లోనే, తన మెయిల్‌తోనే డొమైన్ కొన్నాడు. మోసం ఏమీ లేదు, అప్పట్లో సులువుగా అయిపోతుందని అలా చేశాడు. ఇప్పుడతను బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాడు, నంబరు మారింది. అక్క తన ఊరి పేరు, అమ్మమ్మ పేరు కలిపి పెట్టుకున్న పేరది. అన్ని సీసాల మీదా అచ్చయి ఉంది. కాగితాల ప్రకారం ఆవిడది కాదు.

సర్వరు పోతే ఇంకో సర్వరు దొరుకుతుంది. పేరు పోతే దొరకదు. అందుకని డొమైన్ మీ అకౌంట్లో, మీ పేరు మీద, మీ ఫోన్ నంబరుతో ఉండాలి. వీలైతే డొమైన్ ఒక చోట, హోస్టింగ్ ఇంకో చోట కొనండి. రెండూ ఒకరి దగ్గరే ఉంటే, గొడవ వచ్చినప్పుడు జుట్టు వాళ్ళ చేతిలో ఉంటుంది. మొదటి ఏడాది డొమైన్ ఉచితం అన్న ఆఫరుకి పడిపోయే ముందు ఇది గుర్తుంచుకోండి.

డొమైన్‌ని వేరే సంస్థకి మార్చుకోవాలంటే, దానికి తాళంచెవి లాంటి ఆథ్ కోడ్ అడగండి. డాట్ కామ్ లాంటి డొమైన్లకి, అడిగిన 5 రోజుల్లోగా అది ఇవ్వాలని డొమైన్ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థ నిబంధన. కొత్తగా కొన్న డొమైన్‌ని మాత్రం మొదటి 60 రోజులు సాధారణంగా కదిలించలేరు. గడువు దాటిన డాట్ కామ్ వెంటనే పోదు. కొంతకాలం మామూలు ధరకే రెన్యూ చేయనిస్తారు, తర్వాత 30 రోజులు అదనపు రుసుముతో విడిపించుకోవచ్చు. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఇంకో ఉచ్చు ఉంది, ఇందులో తెలివైనవాళ్ళు కూడా పడతారు. హోస్టింగ్ అకౌంటుకి ఏ మెయిల్ ఇచ్చారు? మీ సొంత డొమైన్ మీద ఉన్న మెయిలేనా? ఆ మెయిల్ కూడా అదే సర్వరు మీద నడుస్తోందా? అయితే సర్వరు పడిన రోజు పాస్‌వర్డ్ మార్చుకునే లింకు ఎక్కడికి వస్తుంది? తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టే. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు మాయమైన రోజు గుర్తుందా? వాళ్ళ డొమైన్ పేర్లకి జవాబిచ్చే సర్వర్లు ఇంటర్నెట్‌కి కనిపించకుండా పోయాయి. సరిచేయడానికి వాళ్ళ ఉద్యోగులు వాడే పనిముట్లు కూడా వాటి మీదే ఆధారపడి ఉండేసరికి అవీ పనిచేయలేదు. మీరు ఈ రోజే ఆ అకౌంట్లోకి వెళ్ళి, వేరే మెయిల్ ఒకటి ఇవ్వండి.

6. సర్వరు మారే రోజు

సీజన్ మధ్యలో మారవద్దని అక్కకి చెప్పాను. కారుతున్న చోట గిన్నె పెట్టుకుని జూన్ దాకా లాగాం. రోజూ డేటాబేస్ దించుకుంది, సైటు పడినప్పుడు వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంది. తీరా మారదాం అనుకునేసరికి కొత్త చిక్కొచ్చింది.

"ఆషాఢంలో ఇల్లు మారతారట్రా ఎవరైనా?"

"సర్వరుకి ఆషాఢం లేదక్కా. ఆర్డర్లు తక్కువుండే నెల కదా, ఇదే మంచి ముహూర్తం."

మీరూ అలాంటి నెల, అందులో మంగళవారమో బుధవారమో చూసుకోండి. శుక్రవారం సాయంత్రం వద్దు. ఏదైనా బెడిసికొడితే శని ఆదివారాల్లో సాయం చేసేవాళ్ళు దొరకరు.

డీఎన్‌ఎస్ అనేది మీ పేరు చూసి ఇంటికి దారి చెప్పే చిరునామా పుస్తకం అనుకోండి. ఆ చిరునామాని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెని టీటీఎల్ అంటారు. అది 86,400 సెకన్లు, అంటే ఒక రోజు ఉందనుకోండి. మీరు ఇల్లు మారినా కొందరు రోజంతా పాత గుమ్మం దగ్గరికే వెళతారు. అందుకని మారడానికి రెండు రోజుల ముందే దాన్ని 300కి తగ్గించండి. 300 సెకన్లంటే 5 నిమిషాలు. మారిన రోజే తగ్గిస్తే ఉపయోగం లేదు, అప్పటికే అందరి దగ్గరా పాత అంకె ఉంటుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

తర్వాత కొత్త సర్వరు మీద ఫైళ్ళు, డేటాబేస్ ఎక్కించండి. లోకానికి చెప్పకముందే మీరొక్కరే చూడొచ్చు. మీ కంప్యూటర్లో హోస్ట్స్ అనే ఫైలులో కొత్త సర్వరు ఐపీ అడ్రసు, మీ డొమైన్ పేరు రాస్తే, మీ ఒక్కరికీ కొత్త ఇల్లు కనిపిస్తుంది. అన్ని పేజీలూ తిరగండి. ఒక ఆర్డరు పెట్టి, డబ్బు కట్టి, మెయిల్ వచ్చిందో లేదో చూడండి. అంతా బాగుంటే పాత సైటులో ఆర్డర్లు ఒక గంట ఆపి, చివరిసారి డేటాబేస్ దించి కొత్తదానిలో ఎక్కించి, అప్పుడు చిరునామా మార్చండి.

మెయిళ్ళ సంగతి మరిచిపోకండి. సైటు కొత్త చోటికి చక్కగా వచ్చేసి, మూడేళ్ళ మెయిళ్ళు పాత సర్వరుతోపాటు చెరిగిపోయిన వాళ్ళని చూశాను. పాత మెయిళ్ళన్నీ ముందే నకలు తీసుకోండి, డీఎన్‌ఎస్‌లో మెయిళ్ళకి దారి చెప్పే ఎంఎక్స్ రికార్డులు ఎటు చూపిస్తున్నాయో కొత్త చోట సరిచూసుకోండి. పాత అకౌంటుని కనీసం నెల రోజులు ఉంచండి. ఆటో రెన్యూవల్ మాత్రం ఆ రోజే ఆపేయండి.

7. కొత్తవాళ్ళని ఎంచుకునేటప్పుడు

"ఉత్తమ 10 హోస్టింగ్‌లు" అనే జాబితాల్ని నమ్మకండి. అక్కడి లింకుల ద్వారా మీరు కొంటే రాసినవాళ్ళకి కమిషన్ వచ్చే జాబితాలే ఎక్కువ. కొనకముందు ఒక ప్రశ్న పంపండి, అదీ ఆదివారం రాత్రి 11 గంటలకి. "బ్యాకప్ ఏ ఊళ్ళో ఉంచుతారు, ఎన్ని రోజులు ఉంచుతారు?" అని. జవాబు ఎంతసేపటికి వచ్చిందో, అడిగినదానికి వచ్చిందో లేదో చూడండి. మొదట నెలకే కట్టండి. మూడేళ్ళకి కడితే చవక అంటారు, నిజమే, ఇరుక్కోవడం కూడా మూడేళ్ళకి. మొదటి బిల్లు కాదు, రెన్యూవల్ ధర అడగండి. కొనేవాళ్ళలో ఎక్కువమంది మన దేశంలోనే ఉంటే సర్వరు ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉందా అన్నదీ అడగాలి.

8. డబ్బు సంగతి

మిగిలిన కాలానికి డబ్బు వెనక్కి అడగండి. చిట్టా, టికెట్ నంబర్లు జతచేసి, రాతపూర్వకంగా, ఒక తేదీ ఇచ్చి అడగండి. కార్డుతో కట్టి ఎక్కువ కాలం కాకపోతే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ అడగొచ్చు, కానీ సైటు, డొమైన్ బయటికి తెచ్చుకున్నాకే. ముందే అడిగితే కొందరు అకౌంటు నిలిపేస్తారు.

మన దేశంలో అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. ఒక మెలిక ఉంది. వ్యాపారం కోసం కొన్నవాళ్ళని ఆ చట్టం వినియోగదారుగా చూడదు. సొంతంగా పనిచేసుకుంటూ పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. మా అక్క లాంటివాళ్ళు ఆ రెండో గుంపు కిందికి వస్తామని చెప్పుకోవచ్చు. నలభైమంది పనిచేసే కంపెనీ అయితే అది కష్టం.

అక్క అంతదాకా వెళ్ళలేదు. బెంగళూరు అబ్బాయిని వాళ్ళ నాన్నగారి ద్వారా పట్టుకున్నాం. పాపం, అడగ్గానే ఆథ్ కోడ్ పంపాడు. డొమైన్ అక్క పేరు మీదికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. సర్వరు మారడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. ఇన్నాళ్ళ భయానికి మూడు గంటల పని. కొత్తది పడిపోలేదా అంటారా? దసరాల్లో ఒకసారి పడింది, ఇరవై నిమిషాలు. ఈసారి అక్క నాకు ఫోన్ చేయలేదు. టికెట్ తనే రాసుకుంది, ఎందుకు పడిందో వాళ్ళు రాసి పంపిన జవాబు మర్నాడు నాకు వాట్సాప్ చేసింది.

మీరిప్పుడు ఈ పుస్తకం కాసేపు పక్కన పెట్టండి. మీ డొమైన్ ఏ అకౌంట్లో ఉందో, ఎవరి పేరు మీద ఉందో, గడువు ఏ తేదీకి తీరుతుందో చూసి, ఈ పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకోండి. తర్వాతి అధ్యాయం ఎక్కడికీ పోదు.